కేక రాయి దగ్గర చెవులు మూసుకున్నవాడు

మేముండే మనురేవా నుంచి పడమటి సముద్రం వైపు గంటన్నర డ్రైవ్ చేయాలి. రోడ్డు అయిపోయి, గొర్రెలు మేసే పొలాలు కూడా అయిపోయాక, ఒక నల్లరాతి ముక్కు సముద్రంలోకి పొడుచుకుని ఉంటుంది. మ్యాపులో దానికి ఏదో పేరుంది. చేపలకి వెళ్ళేవాళ్ళు ఆ పేరు వాడరు. మనవాళ్ళ నోట్లో అది కేక రాయి.

పగలు చూస్తే ఏమీ ఉండదు. గాలాలు, ఐస్ డబ్బాలు, ఫ్లాస్కులు, పిల్లల గోల. పొద్దు వాలితే మాత్రం ఒక్కరూ ఆగరు. గాలం రాళ్ళలో చిక్కుపడితే తీగ కోసేసి మరీ వచ్చేస్తారు.

ఎందుకంటే... చీకటి పడ్డాక అక్కడ సముద్రం వైపు నుంచి ఎవరో పిలుస్తారట. టోంగా దీవుల వాళ్ళని టోంగా భాషలో. మనల్ని మన భాషలో.

నేను నమ్మలేదు, ముందే చెబుతున్నాను. నా పేరు మంగతాయారు. యాభై రెండేళ్ళు. మనురేవాలో ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ పని చేస్తాను. ఈ దేశం వచ్చిన ఇరవై ఏళ్ళలో మనుషులకి భయపడటానికే టైం సరిపోయింది, దెయ్యాల దాకా రాలేదు. ఈ సంగతి సగం మాతో పనిచేసే ప్రశీల్ చెప్పాడు, స్మోకోలో, అంటే మా టీ బ్రేకులో, టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని. మిగతా సగం అలేఖ్య చెప్పింది. నేను కల్పించింది ఏమీ లేదు. కల్పించేదాన్నే అయితే ఇంకాస్త మంచి ముగింపు పెట్టేదాన్ని.

అలేఖ్య మొగుడు విజయకుమార్ మా గోడౌన్‌లోనే డిస్పాచ్ చూస్తాడు. బాపట్ల మనిషి. అతని తమ్ముడు సాయి తేజ ఇక్కడ చదువుకోవడానికి వచ్చి అన్నావదినల దగ్గరే ఉండేవాడు. గాలం వేయడమంటే ప్రాణం, నీళ్ళంటే భయం! బీచ్‌కి తీసుకెళ్తే చెప్పులు కూడా విప్పేవాడు కాదు. రాయి మీద అందరూ అంచున కూర్చుంటే, వీడు పది అడుగులు వెనక కూర్చుని గాలం విసిరేవాడు. ఎంత ఏడిపించినా ముందుకి జరిగేవాడు కాదు.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఒక శనివారం అన్నదమ్ములిద్దరూ అక్కడికి వెళ్ళాలి. ఆఖరి నిమిషంలో విజయకుమార్‌కి ఓవర్‌టైం తగిలింది. "నువ్వు పద, సాయంత్రానికి నేనూ వచ్చేస్తా" అన్నాడు తమ్ముడితో. లారీలు లేటయ్యాయి. వెళ్ళలేకపోయాడు.

సాయి తేజ తిరిగి రాలేదు.

మూడు రోజులు వెతికారు. గాలం దొరికింది, బ్యాగు దొరికింది, మనిషి దొరకలేదు. అల కొట్టి ఉంటుందన్నారు అందరూ. ఒక్క టోంగా పెద్దాయన మాత్రం వేరే మాట చెప్పాడు. ఆయన ఆ సాయంత్రం సామాను సర్దుకుంటూ దూరం నుంచి చూశాడట. అల కొట్టలేదట. కుర్రాడు గాలం నెమ్మదిగా కింద పెట్టాడు... లేచి నిలబడ్డాడు... సముద్రం వైపు చూసి తన భాషలో ఏదో అన్నాడు. సంతోషంగానే అన్నాడు. ఆ తర్వాత మెట్లు దిగినట్టు నీళ్ళలోకి దిగిపోయాడు.

నీళ్ళంటే భయపడేవాడు!

ఆ మాటతో విజయకుమార్‌కి నిద్ర కరువైంది. ఏం అన్నాడు? ఎవరితో అన్నాడు? ఎందుకు దిగాడు? అలేఖ్య ఎన్నోసార్లు బతిమాలింది, కర్మ చేయిద్దామండీ, వాడికీ శాంతి, మనకీ శాంతి అని. "వాడు ఎందుకు దిగాడో తెలిసేదాకా చెయ్యను" అన్నాడు. పద్నాలుగు నెలలు అదే మాట. మనిషి సగమైపోయాడు. పోర్ట్‌కి వెళ్ళాల్సిన లోడు హామిల్టన్‌కి పంపాడంటే చూడండి.

ఇక ఈ జూన్‌లో జరిగింది చెబుతాను.

వాళ్ళ పాప నిహారికకి పదేళ్ళు. స్కూల్లో గ్రీకు పురాణాల ప్రాజెక్ట్ ఇచ్చారు. యుద్ధం అయిపోయాక ఇల్లు చేరడానికి ఏళ్ళ తరబడి సముద్రం మీద తిరిగిన ఒక వీరుడు, అతనికి దారిలో ఎదురైన గండాలు. మనుషుల్ని తినే ఒంటికన్ను రాక్షసుడు, తింటే ఇల్లు మర్చిపోయే పండు, మగాళ్ళని పందులుగా మార్చే మంత్రగత్తె, ఓడల్ని మింగే సుడిగుండం... అన్నీ అట్ట మీద గీసి ఫ్రిజ్‌కి అంటించింది. నేనూ చూశాను. ఒంటికన్ను రాక్షసుడు అచ్చం మా సూపర్‌వైజర్.

ఆ అట్టకి కింద మూలన ఇంకో బొమ్మ. ఓడ స్తంభానికి ఒక మనిషిని తాళ్ళతో కట్టేశారు. చుట్టూ రాళ్ళ మీద ఆడవాళ్ళు పాడుతున్నారు.

విజయకుమార్ పాల సీసా తియ్యబోయి అక్కడే ఆగిపోయాడట.

"ఇతన్నెందుకు కట్టేశారమ్మా?"

"అతనే టై చెయ్యమన్నాడు డాడీ. ఆ వాయిస్ వింటే అందరూ సీలోకి జంప్ చేసి చచ్చిపోతారు. బట్ హీ వాంటెడ్ టు హియర్ ఇట్. అందుకని వాళ్ళ మనుషులందరి చెవుల్లో మైనం పెట్టేసి, నేను ఎంత అడిగినా విప్పొద్దు అన్నాడు."

పిల్ల చెప్పేసి టీవీ ముందుకి వెళ్ళిపోయింది. ఈయన ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పెద్దవాళ్ళకి పిల్లల ప్రాజెక్టులు చూపించకూడదు అని నేనంటాను.

మర్నాడు గోడౌన్‌లో ప్రశీల్‌ని పక్కకి పిలిచాడు.

ప్రశీల్ ఫిజీ నుంచి వచ్చిన మనిషి. వాళ్ళ ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరుకు తోటల కోసం ఓడెక్కాడట. ఆ ఓడతో వెళ్ళిన తెలుగే ఇప్పటికీ వీడి నోట్లో ఉంది, మధ్యమధ్యలో హిందీ కలిసి. లారీలకి లోడు కట్టడం వీడి పని. వెడల్పాటి పట్టీ చుట్టి, మీట లాగుతుంటే టిక్ టిక్‌మని బిగుసుకుంటుంది. ప్రశీల్ కట్టిన లోడు జారిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. విజయకుమార్‌ని 'అన్నా' అంటాడు. ఆయన వీణ్ణి 'తమ్ముడూ' అంటాడు. సాయి తేజ పోయాక ఆ పిలుపు ఇంకా ఎక్కువైంది.

"నన్ను ఆ రాయి మీద కట్టెయ్యి తమ్ముడూ. వాడి గొంతు ఒక్కసారి వింటాను. ఎందుకు దిగావురా అని ఒక్కమాట అడుగుతాను."

ప్రశీల్ వద్దన్నాడు. వారం రోజులు వద్దన్నాడు. "నువ్వు రాకపోతే నేనొక్కణ్ణే వెళ్తా. అప్పుడు కట్టేవాడు కూడా ఉండడు" అన్నాడు ఈయన. ప్రశీల్ వెళ్ళి లోడు కట్టే పట్టీలు రెండు తెచ్చి కారులో వేశాడు.

శనివారం వెళ్ళారు. అలేఖ్యకి ఓవర్‌టైం అని చెప్పాడు.

జూన్‌లో ఇక్కడ చలికాలం, ఐదుంపావుకే చీకటి. ఆ వేళకి రాయి మీద ఒక్క పురుగు లేదు. నీళ్ళలో పడ్డవాళ్ళకి విసరడానికి లైఫ్ రింగ్ తగిలించిన స్తంభం ఒకటి ఉంది అక్కడ, రాతిలోకి దిగ్గొట్టినది. విజయకుమార్ దానికి వీపు ఆనించి, ఇటు ఒడ్డూ అటు సముద్రమూ రెండూ కనిపించేలా పక్కకి తిరిగి నిలబడ్డాడు. ప్రశీల్ ఛాతీ మీదుగా ఒక పట్టీ, నడుం మీదుగా ఒక పట్టీ చుట్టి బిగించాడు. చేతులు రెండూ పట్టీల లోపలే. కాళ్ళు మాత్రం వదిలేశాడు, తిమ్మిరెక్కితే కదుపుకోవడానికి. పాదాల దగ్గర బ్యాటరీ లాంతరు పెట్టాడు.

"నేను ఏం చెప్పినా విప్పకు. తిట్టినా, ఏడ్చినా."

"మరి నిజంగానే విప్పమంటే నాకెట్లా తెలిసేది అన్నా?"

"తెలియక్కర్లేదు. ఏడింటికి నీ జేబులో ఫోన్ వణుకుతుంది. అప్పుడు విప్పు."

ప్రశీల్ గోడౌన్‌లో మెషీన్ల మోతకి పెట్టుకునే నారింజరంగు స్పాంజి బిరడాలు చెవుల్లో దూర్చుకున్నాడు. ఊరికే కాదు, వేళ్ళతో నలిపి, లోపలికంటా. సముద్రం మాయమైపోయింది. తన ఊపిరి తనకి వినిపించడం తప్ప లోకంలో ఇంకే చప్పుడూ లేదు.

పది అడుగులు ఒడ్డు వైపు వెళ్ళి నిలబడ్డాడు. నుదుటికి కట్టుకున్న లైటు రాతి మీద గుండ్రంగా పడుతోంది.

ఐదున్నర... ఆరు. ఏమీ లేదు.

ఆరుంపావుకి విజయకుమార్ పెదాలు కదలడం మొదలైంది. ముందు మెల్లగా. తర్వాత గట్టిగా. కన్నీళ్ళు కారుతున్నాయి. పట్టీలు తెంచుకునేట్టు ముందుకి తోసుకుంటున్నాడు. చూస్తుంటే తెలిసిపోతోంది — విప్పమంటున్నాడు.

ప్రశీల్ దగ్గరికి వెళ్ళి, మాటిచ్చినట్టే, మీట ఇంకో రెండు టిక్కులు లాగాడు. మళ్ళీ తన చోటికి వెళ్ళిపోయాడు. ఈసారి వీపు తిప్పి నిలబడ్డాడు. ఆ ముఖం చూడలేకపోయాడట.

అప్పుడు...

"తమ్ముడూ..."

వెనక నుంచి. స్పష్టంగా.

ప్రశీల్ కదల్లేదు.

"తమ్ముడూ... నీళ్ళు వచ్చేస్తున్నాయిరా. మోకాళ్ళ దాకా వచ్చాయి. ఇది ఆట కాదు... రా."

విజయకుమార్ గొంతే. ఆ వణుకు, ఆ 'రా' అనడం, అన్నీ ఆయనవే.  ప్రశీల్ ఆటుపోట్ల వేళలు చూసుకునే వచ్చాడు గానీ, ఆ లెక్క తప్పు చూసుకున్నానేమో అనుకున్నాడు.

"వస్తున్నా అన్నా!"

అనేశాడు. మనమందరం అనేదే కదా అది. వంటింట్లోంచి పిలిచినా, వీధిలోంచి పిలిచినా, లేచే ఉద్దేశం లేకపోయినా సరే, ముందు 'వస్తున్నా' అని అరుస్తాం. పెద్దవాళ్ళు పిలిస్తే పలకకుండా ఉండటం మనకి చేతకాదు.

తిరిగి నడిచాడు. రాయి నాచుతో జారుడుగా ఉంది, అందుకని తల ఎత్తలేదు. లైటు పడిన చోటే చూసుకుంటూ అడుగేస్తున్నాడు. ఎడమ పక్కన ఏదో వెలుతురు దాటినట్టు గుర్తు. పట్టించుకోలేదు. గొంతు ఇంకా ముందే ఉంది మరి.

"ఇటు తమ్ముడూ... ఇంకొంచెం..."

"వస్తున్నా, వస్తున్నా..."

ఎనిమిది అడుగులు. పది. పద్నాలుగు.

బూట్లలోకి చల్లగా నీళ్ళు దిగాయి. స్తంభం ఇంత దూరం లేదే అని అప్పుడు అనిపించిందట. అనిపించినా కాళ్ళు ఆగలేదు. పిలుస్తున్నది అన్న కదా...

వీపు మీద ధన్‌మని ఏదో తగిలింది.

ప్రశీల్ వెనక్కి తిరిగాడు.

స్తంభం వెనక ఉంది. లాంతరు వెనక ఉంది. విజయకుమార్ వెనక ఉన్నాడు — కట్టినవాడు కట్టినట్టే, కాళ్ళకి బూట్లు లేకుండా, నోరు చెవుల దాకా తెరిచి అరుస్తున్నాడు.

ఆ అరుపు ప్రశీల్‌కి వినిపించడం లేదు.

వినిపిస్తున్నది ముందు నుంచి. నీళ్ళ మీద నుంచి. మూరెడు దూరంలో.

"చూడకు తమ్ముడూ... రా."

చెవులు మూసుకుని ఉన్నానని ప్రశీల్‌కి అప్పుడు గుర్తొచ్చింది. బిరడాలు పీకి పారేశాడు. ఒక్కసారిగా సముద్రం హోరు మీద పడింది, దాని మీదుగా విజయకుమార్ కేక — "ప్రశీల్! వెనక్కి రా! వెనక్కి రారా!" ముందున్న గొంతు మాత్రం దీపం ఆర్పినట్టు ఆగిపోయింది.

పాకుతూ వెనక్కి వచ్చాడు. వాడు నిలబడ్డ చోటు మీదుగా అంతలోనే ఒక అల లేచి పడింది.

విజయకుమార్ వైపు నుంచి చూస్తే జరిగింది ఇంకా ఘోరం. ప్రశీల్ తల వంచుకుని, 'వస్తున్నా' అనుకుంటూ ఆయన పక్కనుంచే నడిచి వెళ్ళాడు. చెయ్యి చాపితే అందేవాడు. చెయ్యి కట్టేసి ఉంది. ముఖం మీద ముఖం పెట్టి అరిచినా తల ఎత్తలేదు. కళ్ళ ముందే రెండో తమ్ముడు నీళ్ళలోకి నడిచిపోతున్నాడు. మిగిలింది కాళ్ళకున్న రెండు గంబూట్లు. కుడిది రెండో మడమతో ఊడదీసి కాలితోనే విసిరాడు, అది వెళ్ళి సముద్రంలో పడింది. ఎడమది విసిరేముందు ఎవరికి దణ్ణం పెట్టుకున్నాడో ఆయనకే తెలియదట.

ప్రశీల్ పట్టీలు విప్పాక ఇద్దరూ కారెక్కి హీటర్ వేసుకున్నారు. ముందు ప్రశీలే అడిగాడు.

"నీకు ఏం వినిపించింది అన్నా?"

"ఏమీ లేదు."

"అంత ఏడ్చినావు..."

"అందుకే ఏడ్చాను. గంటసేపు చెవులు రిక్కించి విన్నాను, తర్వాత గొంతెత్తి వాణ్ణి పిలిచాను. ఒక్క చప్పుడు రాలేదు. ఇక్కడెవరూ లేరు తమ్ముడూ, విప్పు, ఇంటికి పోదాం అని నిన్ను బతిమాలాను. నువ్వు ఇంకా బిగించావు." ఇటు తిరిగి అడిగాడు. "మరి నీకు ఎవరి గొంతు వినిపించింది?"

ప్రశీల్ చెప్పడానికి భయపడ్డాడు. "నీదే."

"నాదా?"

"నీదే అన్నా. తమ్ముడూ రా అంటివి. మా అవ్వ చెప్పేది, పొద్దు గూకినాక పేరు లేని పిలుపుకి మూడోసారి దాకా పలకొద్దని. నేనెట్ల ఆగేది? నువ్వు పిలిస్తివి. వస్తున్నా అన్నా అని నవ్వుకుంటా పోయేవాణ్ణే, నీళ్ళ మాట చెప్పబట్టి భయమైంది గానీ."

విజయకుమార్ కారు తలుపు తీసుకుని దిగిపోయాడు. గడ్డిలో వట్టి సాక్సులతో నిలబడి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

సాయంత్రానికి నేనూ వచ్చేస్తా అని చెప్పి పంపాడు కదా ఆ రోజు. కుర్రాడు పొద్దున్నుంచీ అన్న కోసం చూస్తూనే ఉన్నాడు. చీకటి పడుతుండగా పిలుపు వచ్చింది. గాలం కింద పెట్టి, సంతోషంగా పలికి, దిగాడు. నీళ్ళంటే ఎంత భయమున్నా, పిలిచింది అన్న.

ఇదంతా విని నేను ప్రశీల్‌ని కసిరాను. చెవులు బిగించుకుంటే మన తలలోని మాటే మనకి బయటినుంచి వచ్చినట్టు వినిపిస్తుంది, ఆయన గురించే భయపడుతున్నావు కాబట్టి ఆయన గొంతే వినిపించింది, అంతే అన్నాను. తల ఊపాడు గానీ నమ్మలేదు. విజయకుమార్ మాత్రం కర్మ చేయించాడు. పంతులుగారు చెప్పినట్టు పిండం నీళ్ళలో కలిపాడు. నిద్రపోతున్నాడని అలేఖ్య చెప్పింది. నేను కూడా సరే, పోనీలే అనుకున్నాను. అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది!

పోయిన గురువారం. సాయంత్రం ఆరున్నర. వాన పడుతోంది. అలేఖ్య కూర కలుపుతోంది. విజయకుమార్ ఆవిడ పక్కనే నిలబడి, నోరు మెదపకుండా చిక్కుడుకాయలు వలుస్తున్నాడు. నిహారిక తన గదిలో, పెద్ద హెడ్‌ఫోన్స్ తగిలించుకుని హోంవర్క్ చేస్తోంది. ఆ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పక్కన బాంబు పడినా దానికి వినపడదు. రోజూ దాని మీద తిట్లు.

గదిలోంచి పిల్ల గొంతు వినిపించింది.

"కమింగ్, డాడీ!"

మొగుడూ పెళ్ళాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నిహారిక హెడ్‌ఫోన్స్ తియ్యకుండానే బయటికి వచ్చింది. వంటింటి గుమ్మం దాటింది. వాళ్ళ వైపు చూడలేదు. తిన్నగా వెనక తలుపు దగ్గరికి వెళ్ళి గొళ్ళెం మీద చెయ్యి వేసింది.

విజయకుమార్ ఒక్క ఉదుటున వెళ్ళి పిల్లని ఒడిసిపట్టుకుని హెడ్‌ఫోన్స్ లాగేశాడు. పిల్ల ఆయన్ని చూసి, తలుపుని చూసి, మళ్ళీ ఆయన్ని చూసింది.

"నువ్వు లోపలే ఉన్నావా?"

"ఎందుకమ్మా... ఏమైంది?"

"నువ్వే కదా బయటినుంచి పిలిచావు. బాబాయి వచ్చాడు, తడిసిపోయాడు, డోర్ తియ్ అన్నావు."

వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. స్టవ్ మీద కూర మాడుతోంది. ఎవరూ దించలేదు.

ఆ తర్వాతది అలేఖ్య తల తిప్పుకుని చెప్పింది.  ఆయన ఒక చేత్తో పిల్లని గుండెకి అదుముకున్నాడట. రెండో చెయ్యి గొళ్ళెం మీద ఉందట.

ఆ చెయ్యి తియ్యడానికి అలేఖ్య రెండు చేతులూ కావాల్సి వచ్చాయి.